వాసన చూసే ఉద్యోగం

పని ఉన్న వారాల్లో రత్నమాల ఇంట్లో పోపు ఉండదు. ఇంగువ డబ్బా మూత తియ్యదు, ఉల్లిపాయ తరగదు. కాఫీ అంటే ప్రాణం పెట్టే మనిషి, ఆ వారమంతా మొగుణ్ణి కూడా ఇంట్లో కాఫీ తాగనివ్వదు. తలలో పూలు పెట్టుకోదు, మొహానికి పౌడరు రాసుకోదు. వాసన లేని తెల్ల సబ్బుతో స్నానం చేసి, ఉత్త నీళ్ళలో జాడించి ఆరేసిన చీర కట్టుకుని చందానగర్‌లో బస్సెక్కుతుంది.

"ముక్కుకి మడి కట్టావే!" అని మొగుడు రామ్మోహనరావు ఎగతాళి చేస్తాడు. ఆయన విద్యుత్ శాఖలో గుమాస్తా. మీ ఆవిడ ఏం చేస్తారండీ అని ఆఫీసులో ఎవరైనా అడిగితే "ల్యాబ్‌లో పని" అని మాట మార్చేస్తాడు. పరాయివాళ్ళ చంకలు వాసన చూస్తుందని చెప్పుకోవడానికి ఆయనకి నోరు రాదు. నిజానికి రత్నమాలకీ రాదు. కానీ ఆ పని తనలా చేసే మనిషి ఇంకొకరు లేరని ఆమెకి లోలోపల కాస్త గర్వం.

కంపెనీ జీడిమెట్లలో ఉంది. ఆస్పత్రులకి ఆక్సిజన్ మాస్కులూ, గొట్టాలూ చేసి అమ్మే చిన్న కంపెనీ. ఇప్పుడు కొత్తగా ఒక పౌడరు కనిపెట్టారు. చెమట తగలగానే అందులోంచి సన్నగా ఆక్సిజన్ విడుదలై, వాసన పుట్టించే క్రిముల్ని చంపేస్తుంది. అది మనుషుల మీద పనిచేస్తుందో లేదో చూడడానికి మాదాపూర్ ఊళ్ళో ఒక మేడ ఇల్లు అద్దెకి తీసుకున్నారు. హైటెక్ సిటీ గుండ్రటి మేడ ప్రారంభమై ఇంకా ఏడాది కాలేదు. దాని చుట్టూ కొత్త మేడల కోసం బండలు పేలుస్తూనే ఉన్నారు. మందు పేలినప్పుడల్లా ఆ ఇంటి కిటికీ అద్దాలు గలగలమనేవి.

ఆ సోమవారం పరీక్షకి వచ్చిన ఆడవాళ్ళందరూ ఆ అద్దాల మేడల్లో ఊడ్చి తుడిచేవాళ్ళు. హౌస్‌కీపింగ్ అనాలట. మేడలకి పనివాళ్ళని పంపే కాంట్రాక్టరే ఇక్కడికీ పంపాడు. పొద్దున నర్సు అందరి చంకలూ ఒకే సబ్బుతో కడిగి, ఒక పక్క పౌడరు అద్ది, రెండో పక్క వదిలేసింది. ఎవరికి ఏ పక్క అద్దిందో రత్నమాలకి చెప్పరు. ఇక బుధవారం సాయంత్రం దాకా వాళ్ళలో ఎవరూ ఒంటి మీద నీళ్ళు పోసుకోకూడదు. మే నెల. రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది.

పని ముగించుకుని సాయంత్రం వాళ్ళంతా మళ్ళీ వచ్చారు. నర్సు ఇచ్చిన చేతుల్లేని గౌన్లు వేసుకుని బల్ల మీద వరసగా కూర్చున్నారు. గాలికి వాసన చెదిరిపోకూడదని గదిలో ఫ్యాను వెయ్యరు, కిటికీ తియ్యరు. రత్నమాల ఒక్కొక్కరి ముందూ ఆగి, జానెడు దూరంలోంచి ఒకసారి, బెత్తెడు దూరంలోంచి ఒకసారి, కుక్కపిల్లలా చిన్న చిన్నగా గాలి పీల్చి, పదికి ఎన్నో చెప్పేది. వెనక నిలబడ్డ నర్సు రాసుకునేది.

చివర్న కూర్చున్న పిల్ల చెయ్యెత్తలేదు. మెదక్ జిల్లా నుంచి వచ్చిన పిల్ల, పేరు వసంత. పాతికేళ్ళుంటాయి. చేతులు రెండూ ఒంటికి అదిమి పెట్టుకుని తలొంచుకుంది.

"ఎత్తమ్మాయ్, ఇంకా ముగ్గురున్నారు లోపలి గదిలో."

"నాకు సిగ్గయితుందమ్మ."

"నువ్వు గోడకేసి చూడు. నీ మొహంతో నాకు పన్లేదు."

వసంత గోడకేసి తిరిగి చెయ్యెత్తింది. రత్నమాల వంగి పీల్చింది. బియ్యం కడుగు పులిసినట్టు, లేతగా. "మూడు" అంది. రెండో చేతి దగ్గర వాసన గుప్పుమంది. ఎండలో మరిచిపోయిన మజ్జిగ గిన్నె. "ఆరు" అని, గబుక్కున తల తిప్పి తన మోచేతి మడతలో ముక్కు దూర్చుకుంది. ఇంకొకరి దగ్గరికి వెళ్ళే ముందు సొంత వాసన పీల్చుకుంటే ముక్కు మళ్ళీ శుభ్రపడుతుంది. ఆమెకి నేర్పిన పద్ధతి అది. 

వసంత అప్పటికే ఇటు తిరిగి చూస్తోంది. "గంతగనం కంపు కొడుతున్ననా అమ్మ?"

"అబ్బెబ్బే, ఇది రూలు," అంది రత్నమాల. ఆ పిల్ల నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసింది. నమ్మించే తీరిక ఆమెకి లేదు.

*

మంగళవారం సాయంత్రానికి గదిలో అడుగు పెట్టగానే వాసన ముక్కు బద్దలయ్యేలా ఉంది. రత్నమాల ఓర్చుకుంది, అలవాటే. ఒక్కొక్కరినీ ముగించుకుంటూ వసంత దాకా వచ్చి, వంగబోయి, ఆగిపోయింది. నిమ్మకాయ వాసన. నిజం నిమ్మకాయది కాదు, సీసాల్లో వచ్చే నిమ్మకాయది.

"సెంటు కొట్టుకున్నావా?" అని గట్టిగానే కసిరింది. "మొదటి రోజే చెప్పాం కదా, సెంటు వద్దు, పౌడరు వద్దు అని! ఇంతమంది చేసింది నీ ఒక్కదాని మూలంగా పాడవుతుంది."

"నేను కొట్టుకోలే."

"మరి ఈ వాసనేంటి?"

పక్కనున్న ఆడవాళ్ళు వసంత మొహంలోకి చూడకుండా నేలకేసి చూస్తున్నారు. వాళ్ళకి ముందే తెలిసినట్టుంది.

"నా మీద కొట్టిన్రు," అంది చివరికి.

ఆ పిల్ల పనిచేసేది రోడ్డు మీది కొత్త అద్దాల మేడలో. మధ్యాహ్నం నీళ్ళ బకెట్టుతో లిఫ్టెక్కబోతుంటే సూపర్‌వైజరు సాయిలు ఆపాడట. నిన్న పైనుంచి కంప్లయింటు వచ్చింది, లిఫ్టంతా కంపు కొడుతోందన్నారు, ఇవాళ్టి నుంచి మెట్ల మీద పో అన్నాడట. ఆమె మెట్లెక్కి పైకి పోయింది. మెట్లెక్కితే చెమట ఇంకా ఎక్కువ పట్టింది. పైన కంప్యూటర్ల ముందు కూర్చున్న ఆడపిల్లలు ముక్కులు మూసుకున్నారు. అప్పుడు సాయిలు బాత్రూముల్లో కొట్టే సెంటు డబ్బా తెచ్చి, చేతులు చాపి నిలబడమని, ముందూ వెనకా కొట్టాడట.

"బాత్రూముకు కొట్టినట్టే కొట్టిండమ్మ. కండ్లల్ల వడి మండింది. ఆడివిల్లలు నవ్విన్రు." చెబుతూ చెబుతూ చెయ్యి ఇంకా ఎత్తే ఉంచింది, దించమని ఎవరూ చెప్పలేదు గనక. "రేపు గూడ గిట్లనే వస్తే ఇంగ రానే వద్దన్నడు."

రత్నమాల ఆమె చెయ్యి పట్టుకుని తనే కిందికి దించింది. ఆ గదిలోని అన్ని వాసనలకీ ఓర్చిన ముక్కు ఆ నిమ్మకాయ వాసనకి ఓర్చలేకపోయింది. బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కుంది.

వరండాలో బుల్లిబాబు కూర్చుని ఉన్నాడు. పౌడరు కనిపెట్టింది ఆయనే. అరవైకి దగ్గరపడ్డ మనిషి, అమలాపురం వైపు వాడు. వేళ్ళ చివర్లు మందులు తగిలి తెల్లగా పాలిపోయి ఉంటాయి. ఆమె వాలకం చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందండీ. లోపల ఉక్క."

"నాకు తెలుసమ్మా ఆ పని ఎంత కష్టమో," అన్నాడాయన. "అసలు దీన్ని నేను చంకల కోసం చెయ్యలేదు. మంచం పట్టినవాళ్ళకి వీపు మీద పుళ్ళు పడతాయి చూడండి, ఆ వాసనకి సొంత పిల్లలే దగ్గరికి రారు. వాళ్ళ కోసం చేశాను. ఆస్పత్రిలో ఇద్దరు ముగ్గురికి వాడి చూశారు కూడానండి. పుండు ఎండింది, వాసన పోయింది. అవినాష్ గారు వద్దన్నారు. పుండున్నవాడు ఒక్క డబ్బా కొంటాడు, చంకలు ప్రతివాడికీ రెండున్నాయి అన్నారు."

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. అంతలో గేటు ముందు కారాగింది.

అవినాష్ కంపెనీలో అమ్మకాలన్నీ చూసే మేనేజరు. ముప్ఫై దాటలేదు. అంత ఎండలోనూ చొక్కా ఇస్త్రీ నలగదు. ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతాడు. రత్నమాల ఆయన్ని పక్కకి పిలిచి జరిగింది చెప్పింది. ఏ మేడలోనో చెప్పేసరికి ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"మా కొత్త సేల్స్ ఆఫీసున్న బిల్డింగే! ఓ మై గాడ్, ఆ అమ్మాయి మన శాంపిలా?" అని పెద్దగా నవ్వాడు. "కంప్లయింట్ ఇచ్చింది నేనేనండీ. నిన్న లిఫ్ట్‌లో నాలుగో ఫ్లోర్ దాకా ఊపిరి బిగబట్టుకుని వెళ్ళాను. మన మనిషని నాకెలా తెలుస్తుంది చెప్పండి?"

"ఇప్పుడు తెలిసింది కదండీ. ఆ సూపర్‌వైజర్‌తో ఒక్క మాట చెప్పండి. స్నానం చెయ్యొద్దన్నది మనమేనని."

"రేపొక్క రోజే కదా, మేడమ్. ఇప్పుడు నేను వెళ్ళి, మీ స్టాఫ్‌ని స్నానం చెయ్యొద్దన్నది మేమే అంటే బిల్డింగ్ వాళ్ళు ఏమనుకుంటారు? అసలే కొత్త ఆఫీస్." ఒక్క క్షణం ఆలోచించి వేళ్ళు చిటికేశాడు. "ఒక పని చేద్దాం. రేపు ముంబై నుంచి డిస్ట్రిబ్యూటర్లు వస్తున్నారు. వాళ్ళకి కాగితాలు చూపిస్తే ఎక్కదు, లైవ్ డెమో కావాలి. ఈ అమ్మాయినే పెడదాం. బిల్డింగ్‌లోనే ఉంటుంది, కిందినుంచి పిలిపిస్తే చాలు."

"ఆమె పరీక్ష పాడయిందండీ. ఒంటి నిండా సెంటు కొట్టారు."

"లెక్కలోంచి తీసెయ్యండి. డెమోకేం? రేపటికి ఆ సెంటూ పోతుంది. నిన్న నాకు లిఫ్ట్‌లో వాంతి వచ్చినంత పనైంది, అంతకంటే మంచి కేసు మనకి దొరుకుతుందా? పౌడర్ రాసిన చెయ్యి, రాయని చెయ్యి, మీరు వాసన చూసి చెప్పడం. అంతే, పది నిమిషాలు."

బుల్లిబాబు వింటూనే ఉన్నాడు. చేతిలోని డబ్బా మూత బిగించి, మళ్ళీ తీసి, మళ్ళీ బిగించాడు. రత్నమాల అలాగేనండీ అనలేదు, కానీ అవినాష్‌కి అది అక్కర్లేకపోయింది.

ఆమె బయల్దేరేసరికి వసంత గేటు దగ్గర నిలబడి ఉంది. అందరూ వెళ్ళిపోయారు.

"అమ్మ, ఒక్క మాట. రేపు నేను తానం జెయ్యాల్నా, వద్దా? జేస్తే మీరు తీసేస్తరు. జెయ్యకుంటే ఆడ తీసేస్తరు. మీరు సదువుకున్నోళ్ళు, మీరే చెప్పున్రి."

రత్నమాలకి జవాబు తెలుసు. ఈ దిక్కుమాలిన పరీక్ష ఎటు పోతే నీకేం, ఇంటికెళ్ళి రుద్దుకుని పోసుకో అనాలి. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం అలవాటైన మాటే.

"రేపు సాయంత్రం దాకా వద్దు," అంది. "రూలు."

వసంత ఆమెనొకసారి పైనుంచి కిందికి చూసి, కొంగు ఒంటి చుట్టూ బిగించుకుని బండల పక్క కాలిదోవన వెళ్ళిపోయింది.

*

నాలుగో అంతస్తులో అవినాష్ ఆఫీసు చల్లగా, కొత్త తివాచీ జిగురు వాసనతో ఉంది. రత్నమాల ముక్కుకి ముందు అది తగిలింది, తర్వాత బిస్కెట్లు, తర్వాత ముంబై వాళ్ళ అత్తర్లు. ముగ్గురొచ్చారు. వాళ్ళలో పెద్దాయన లావుపాటి మనిషి, తెల్ల సఫారీ, నోట్లో వక్కపొడి. హైదరాబాద్‌లో చాలాకాలం వ్యాపారం చేశాడట, తెలుగు బాగానే వచ్చు. బుల్లిబాబుని గోడ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. అవినాష్ తెర మీద బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో మాట్లాడాడు. ఈ రోడ్డు మీద రేపు లక్షమంది ఏసీ గదుల్లో పక్కపక్కన కూర్చుంటారు, ఒకరి చెమట ఒకరు భరించాలి, అదే మన మార్కెట్ అన్నాడు.

తర్వాత వసంతని పిలిపించారు.

నీలం రంగు యూనిఫారంలో, చేతిలో తుడుపు కర్రతోనే వచ్చింది. కర్ర ఎక్కడ పెట్టాలో తెలియక తలుపుకి ఆనించింది. వెనకే వచ్చిన సాయిలు గుమ్మం బయటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె లోపలికి రాగానే ముంబై వాళ్ళలో కుర్రవాడొకడు అలవోకగా జేబురుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు. గదికి ఆ చివర ఉన్నాడతను. వాసన ఇంకా ఎవరికీ చేరే దూరం కాదు.

"ఈమె సోమవారం నుంచీ స్నానం చెయ్యలేదు," అన్నాడు అవినాష్. "ఎడమ పక్క మన పౌడర్. కుడి పక్క ఏమీ లేదు. మేడమ్ మా సీనియర్ ఎక్స్‌పర్ట్. ప్లీజ్, మేడమ్."

పెద్దాయన సరదా పడి కుర్చీలోంచి లేచాడు. "మేము కూడా చూస్తాం కదా. మాల్ కొనేవాళ్ళం మేమే."

ఆయన అడుగు ముందుకెయ్యగానే వసంత వెనక్కి జరిగి తలుపుకి కొట్టుకుంది. కర్ర జారి కింద పడింది. రత్నమాల వెళ్ళి ఇద్దరికీ మధ్య నిలబడింది.

"కూర్చోండి," అంది. "చూడ్డానికి నేనున్నాను."

ఆమె గొంతులో ఏం వినిపించిందో గానీ పెద్దాయన కూర్చున్నాడు. రత్నమాల మగవాళ్ళకి వీపు పెట్టి, వసంతని తన ఒంటి చాటున ఉంచుకుని, "ఎత్తమ్మా" అంది మెల్లగా.

వసంత చెయ్యెత్తింది. ఈసారి గోడకేసి తిరగలేదు. సూటిగా రత్నమాల కళ్ళలోకి చూస్తూ ఎత్తింది.

బెత్తెడు దాకా వంగక ముందే రత్నమాలకి తెలిసిపోయింది. ఎర్ర సబ్బు. కిరాణా కొట్లో ముక్కలు కోసి అమ్మేది. దాని కింద ఉతికిన బట్ట వాసన, తడి మీదే ముడేసిన జుట్టు వాసన. పొద్దున్నే పంపు దగ్గర పిల్ల ఒళ్ళు అరిగేలా రుద్దుకుని ఉంటుంది.

"ఎడమ పక్క?" అన్నాడు అవినాష్ వెనకనుంచి.

"వాసన లేదు."

"చూశారా!" అన్నాడతను అతిథులతో. "ఇప్పుడు కుడి."

రత్నమాల కుడి చేతి దగ్గర వంగింది. తొందరపడలేదు, ఎప్పుడూ చూసినట్టే చూసింది. జానెడు, తర్వాత బెత్తెడు.

"అక్కడా లేదు."

అవినాష్ ఒక అడుగు ముందుకొచ్చాడు.

"మళ్ళీ చూడండి, మేడమ్."

"చూశానండీ. సున్నా. రెండు చేతులూ ఒకటే."

పెద్దాయన పొట్ట కదిలేలా నవ్వాడు. "పౌడర్ రాసినా వాసన లేదు, రాయకున్నా వాసన లేదు. మరి మాకు ఎందుకు అమ్ముతున్నవ్ భాయ్?"

అవినాష్ చెవులు ఎర్రబడ్డాయి. వసంత వైపు తిరిగాడు. "స్నానం చేశావా నువ్వు?"

"చేసిన," అంది వసంత. "పొద్దుగాల సబ్బు వెట్టి చేసిన. తానం జెయ్యకుంటే ఈ బిల్డింగుల అడుగు వెట్టనియ్యమన్నరు గద సార్. కంప్లెంటు ఇచ్చింది నాలుగో ఫ్లోరు సారే అని సాయిలన్న చెప్పిండు. మీరే వద్దంటిరి, మీరే కంపు అంటిరి. నేనేం జెయ్యాలె?"

గుమ్మం బయట సాయిలు గభాలున గోడ చాటుకి తప్పుకున్నాడు. ఇప్పుడు ఎవరో ఒకరు తల దించుకుంటారనుకుంది రత్నమాల. కనీసం గొంతు సవరించుకుంటారనుకుంది.

పెద్దాయన అవినాష్‌ని చూసి, వసంతని చూసి, మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు. మిగిలిన ఇద్దరికీ హిందీలో చెప్పాడు, వాళ్ళూ నవ్వారు. జేబురుమాలు కుర్రవాడు కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వుల్లో అవినాష్ కూడా తేరుకుని శ్రుతి కలిపాడు. ఈ కథని టీవీ ప్రకటన చేస్తే అదిరిపోతుందని పెద్దాయనే సలహా ఇచ్చాడు. వచ్చే వారం మళ్ళీ వస్తాం, ఈసారి మనిషిని తాళం వేసి ఉంచు అన్నాడు. బిస్కెట్ల ప్లేటు చేతులు మారింది. నవ్వనిది బుల్లిబాబు ఒక్కడే. తన పౌడరు డబ్బా తీసి సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు.

వసంత వంగి కర్ర తీసుకుంది. వెళ్ళమని ఎవరూ అనలేదు. అక్కడ ఒక మనిషి నిలబడి ఉందనే సంగతే అప్పటికి ఎవరికీ గుర్తు లేదు.

"మేడమ్," అని అవినాష్ రత్నమాల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. మొహం మీద నవ్వు అలాగే ఉంది, పళ్ళ మధ్యనుంచి మాట్లాడుతున్నాడు. "ఆమె స్నానం చేసిందని మీకు మొదటి క్షణమే తెలుసు."

"తెలుసు."

"ఒక్క మాట చెప్తే డెమో ఆపేసేవాణ్ణి కదా!"

"వాసన ఉందా లేదా అని అడిగారు. లేదు."

"సరే, వదిలెయ్యండి. వచ్చే వారానికి ఇంకో అమ్మాయిని చూద్దాం. మీరే సెలెక్ట్ చెయ్యండి, కొంచెం గట్టి కేసు."

రత్నమాల ఆయన మొహంలోకి చూసింది. శుభ్రమైన మొహం, నున్నగా గీసిన గడ్డం.

"ఇంకో ముక్కుని కూడా చూసుకోండి, అవినాష్ గారూ," అంది.

నడవాలో వసంత అప్పటికే నేల తుడుస్తోంది. రత్నమాల ఆమె పక్కన ఆగింది. ఏదో అనాలి. బాగా చెప్పావనో, నిన్న నేనలా అనకుండా ఉండాల్సిందనో.

"వసంతా..."

"తడున్నదమ్మ, జర చూసి నడువున్రి," అంది వసంత తలెత్తకుండా. తర్వాత కర్ర ఆపి, "ఇంగ నన్ను ఏ పరీక్షకు పిలువొద్దని చెప్పున్రి. మీరు గూడ పిలువొద్దు," అంది. కోపంగా అనలేదు. నేల మీద మరక గురించి చెప్పినట్టు చెప్పి, బకెట్టు లాక్కుంటూ ముందుకి జరిగిపోయింది.

రత్నమాల తడి లేని చోట చూసి అడుగులేసుకుంటూ వెళ్ళింది.

రోడ్డు మీద బస్సు కోసం చాలాసేపు నిలబడింది. నీడ లేదు. బండలు పేల్చిన దుమ్ము మెడ మీద చెమటకి అంటుకుని చిరచిరలాడింది. వచ్చిన బస్సు కిటకిటలాడుతోంది. పొద్దంతా ఇటుకలు మోసి ఇళ్ళకి పోయేవాళ్ళు, గార అంటిన చొక్కాలు, ఒకరి భుజం మీంచి ఒకరి మొహం. ఎలాగో లోపలికి జొరబడి పైనున్న కడ్డీ పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఇలాంటి బస్సుల్లో ఆమె మొహం కిటికీ వైపు పెట్టుకుని, నోటితో ఊపిరి పీల్చుకుంటూ దిగేదాకా లెక్కలు వేసుకునేది. ఇది నాలుగు, అది ఏడు, ఆ ముందున్నది ఎనిమిది. ఈ రోజు లెక్కలు రాలేదు. ముక్కుతోనే పీల్చింది. మనుషులు పనిచేసి వస్తున్నారు, అంతే.

కొత్తగూడ దాటాక ఒక కుదుపుకి, తన ముందు సీట్లో కూర్చున్న అమ్మాయి మీదికి ఒరిగింది. ఆ పిల్ల మెడలో కంప్యూటరు కోర్సు వాళ్ళ కార్డు వేలాడుతోంది. పాపిడి తీసి నున్నగా దువ్విన జుట్టు. ఆ అమ్మాయి ఒక్కసారి తలెత్తి చూసి, కిటికీ వైపు మొహం తిప్పుకుని, చున్నీ చివర ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఎవరి గురించా అని రత్నమాల అటూ ఇటూ చూసింది. పక్కన ఏ చేపల గంపా లేదు, ఇటుకలు మోసేవాళ్ళు ఆ వెనకెక్కడో ఉన్నారు. ఆ అమ్మాయి ముక్కుకి సరిగ్గా జానెడు దూరంలో ఉన్నది తను కడ్డీకి ఎత్తి పట్టుకున్న చెయ్యే. సెంటు లేదు, పౌడరు లేదు, పూలు లేవు. వాసన లేని సబ్బుతో పొద్దుననెప్పుడో చేసిన స్నానం.

తల కొంచెం ఒంచి, ఉద్యోగంలో పీల్చినట్టే చిన్నగా పీల్చింది. ఉంది. ఎండలో మరిచిపోయిన మజ్జిగ గిన్నె.

చెవులదాకా వేడెక్కింది. చెయ్యి దానంతటదే కిందికి రాబోయింది. బస్సు మళ్ళీ కుదిపింది. రత్నమాల వేళ్ళు బిగించి కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకుంది. చందానగర్ వచ్చేదాకా ఆ చెయ్యి దించలేదు.